లక్ష కిలోమీటర్లు దాటిన పాత కారు: చేతికి వచ్చిన మొదటి నెలలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒకరు వాడిన కారును కొన్నప్పుడు మన చేతికి వచ్చేది బండి మాత్రమే. దానికి ఇంతవరకు ఏమేమి చేయించారు, ఏమేమి వాయిదా వేస్తూ వచ్చారు అన్న సంగతి చాలాసార్లు పాత యజమాని దగ్గరే ఉండిపోతుంది. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పళ్ళ రబ్బరు పట్టీ), కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), గేర్ బాక్స్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులు వంటి పెద్ద పనులన్నీ దాదాపు లక్ష కిలోమీటర్ల ప్రాంతంలోనే ఒకదాని వెంట ఒకటి దగ్గర పడతాయి. ఆ ఖర్చు ముందుందని తెలిసే చాలామంది సరిగ్గా అప్పుడు బండిని అమ్మకానికి పెడతారు. అందుకు వారిని తప్పు పట్టనక్కరలేదు గాని, వారు చేయించని పని ఇప్పుడు మన మీద పడిందని గుర్తించకుండా కొన్న మర్నాడే దూరప్రయాణానికి బయలుదేరడం మాత్రం ప్రమాదకరం.

కాగితం లేని పని జరగనట్టే లెక్క. తేదీ, అప్పటి మీటరు రీడింగు, మార్చిన భాగం పేరు ఉన్న బిల్లు చేతికి వస్తేనే ఆ పని జరిగిందని నమ్మండి. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. నేను కొన్న ఒక కారుకు టైమింగ్ బెల్ట్ మార్పించామని అమ్మినవారు చెప్పారు. బిల్లు అడిగితే ఎక్కడో పోయిందన్నారు. నేను సరేనని ఊరుకున్నాను. మూడు నెలలు తిరగకుండానే నడుస్తున్న బండిలో ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. మెకానిక్ కవరు విప్పి తీసిన బెల్ట్‌ను నా చేతిలో పెట్టాడు. లోపలి పళ్ళు అరచేయి వెడల్పున ఊడిపోయి ఉన్నాయి, వెనుక భాగం గోటితో గీరితే పొడిగా రాలుతోంది, దాని మీద ముద్రించిన సంవత్సరం బండి తయారైన సంవత్సరమే. అంటే అది మొదటి నుంచీ ఉన్న బెల్టే. వాల్వులు వంగిపోయాయి, ఇంజన్ పై భాగమైన హెడ్‌ను దింపవలసి వచ్చింది. బిల్లు లేదన్న రోజే కవరు తీయించి చూసుకుని ఉంటే ఆ నష్టం తప్పేది.

మీటరు రీడింగును కూడా ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు. తక్కువ కిలోమీటర్లు చూపుతున్న బండిలో క్లచ్, బ్రేకు పెడళ్ళ రబ్బర్లు నున్నగా అరిగి ఉన్నా, స్టీరింగ్ తొడుగు మెరుస్తున్నా, డ్రైవరు సీటు అంచు కుంగి ఉన్నా ఆ అంకె మీద అనుమానం పెట్టుకుని, పాత సర్వీసు కాగితాల్లోని రీడింగులతో పోల్చి చూడాలి.

టైమింగ్ బెల్ట్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముందుగా హెచ్చరిక ఏదీ ఇవ్వకుండా ఇంజన్‌ను పాడుచేయగల భాగాల్లో ఇది మొదటిది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టునూ, వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టునూ ఇది ఒకే లయలో తిప్పుతుంది. చాలా ఇంజన్లలో పిస్టన్ పైకి వచ్చే చోటికే వాల్వు కిందికి దిగుతుంది కనుక, బెల్ట్ తెగినా రెండు మూడు పళ్ళు జారినా పిస్టన్ వెళ్ళి వాల్వును కొడుతుంది. దీన్ని మార్చవలసిన గడువు ఇంజన్‌ను బట్టి సుమారు 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దానికి తోడు సంవత్సరాల గడువు కూడా ఉంటుంది; ఆ రెండింటిలో ఏది ముందు వస్తే అదే వర్తిస్తుంది. రబ్బరు నిలబెట్టిన బండిలో కూడా ముదురుతుంది కాబట్టి, తక్కువ తిరిగిన పదేళ్ళ కారుకు బెల్ట్ బాగానే ఉంటుందని అనుకోకూడదు. మార్చేటప్పుడు బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్‌ను, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీలను కూడా మార్పించాలి. వాటర్ పంపు అదే బెల్ట్ మీద తిరిగేదైతే దాన్నీ అప్పుడే మార్చడం మేలు, ఎందుకంటే కొన్నాళ్ళకు పంపు కారడం మొదలైతే మళ్ళీ అంతా విప్పవలసి వస్తుంది.

కొన్ని ఇంజన్లలో బెల్ట్‌కు బదులు చైన్ ఉంటుంది. మీ ఇంజన్‌లో ఉన్నది బెల్టో చైనో బండి పేరును బట్టి తేల్చుకోకండి. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో రెండు మూడు రకాల ఇంజన్లు ఉంటాయి కనుక ఇంజన్ కోడ్‌ను చూసి మాన్యువల్‌తో సరిపోల్చాలి. చైన్ ఉంటే చింత లేదనుకోవడమూ పొరపాటే. రాత్రంతా నిలిచిన బండిని ఉదయం స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్ల పాటు గలగలమన్న చప్పుడు ఇంజన్ పక్క నుంచి వస్తే చైన్ సాగిందో, దాని టెన్షనర్ బలహీనపడిందో చూపించుకోవాలి. కొన్ని ఇంజన్లలో బెల్ట్ ఆయిల్‌లో తడుస్తూనే తిరుగుతుంది. అలాంటి వాటిలో తయారీదారు చెప్పిన ఆయిల్ తప్ప వేరేది పోస్తే బెల్ట్ రేణువులుగా రాలి, ఆయిల్‌ను లాగే జల్లెడకు అడ్డుపడి, ఇంజన్‌కు ఆయిల్ అందకుండా చేస్తుంది.

ఇంజన్ ఆయిల్ విషయంలో మొదటి పరీక్షకు పనిముట్లేవీ అక్కరలేదు. చల్లారిన ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తీసి, దాని అడుగు భాగాన్ని వెలుతురులో చూడండి. పలుచని గోధుమ రంగు పూత సహజమే. నల్లగా జిగురులాంటి మడ్డి పేరుకుని ఉంటే ఆయిల్ మార్పు చాలాకాలం వాయిదా పడిందని అర్థం. మీగడలాంటి తెల్లని నురుగు చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో చలికాలపు తేమ వల్ల కూడా రావచ్చు గాని, దానితో పాటు కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను (హెడ్‌కూ దాని కింది ఇంజన్ భాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. మడ్డి ఎక్కువగా ఉన్న ఇంజన్‌లో దాన్ని ఒక్కసారిగా కరిగించే మందులు పోయించకండి. ఊడిన ముద్దలు జల్లెడను మూసేస్తాయి. సరైన గ్రేడు ఆయిల్ పోసి, మొదటి రెండు మార్పులను 3,000 నుంచి 5,000 కిలోమీటర్లకే చేయిస్తే మడ్డి మెల్లగా దిగుతుంది. పాత ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ మంచిదన్న మాటను కూడా గుడ్డిగా పాటించకూడదు. మాన్యువల్ అనుమతించిన గ్రేడుల పరిధి దాటకూడదు. లక్ష దాటిన ఇంజన్ కొంత ఆయిల్ తాగడం మామూలే కనుక, మొదట్లో ప్రతి వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి చదునైన నేల మీద బండిని నిలిపి, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాల తరువాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూసే అలవాటు చేసుకోండి. సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తే ఆయిల్ మండుతోందని, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతోందని అనుమానించాలి.

కూలెంట్ దగ్గర జాగ్రత్త రెండింతలు ఉండాలి, ఎందుకంటే ఇక్కడ దెబ్బ తినేది బండి ఒక్కటే కాదు. వేడి మీద ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. లోపల ఒత్తిడి ఉండబట్టే ఆ ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి అది ఒక్కసారిగా మరిగి, ముఖం మీదికీ చేతుల మీదికీ చిమ్ముతుంది. పై గొట్టాన్ని పట్టుకుంటే చల్లగా, మెత్తగా తగిలే వరకు ఆగాలి. గొట్టాలను అప్పుడే నొక్కి చూడవచ్చు: క్లిప్పుల దగ్గర ఉబ్బినా, పగుళ్ళు కనిపించినా, ఒత్తితే మరీ మెత్తగానో కరకరమంటూనో ఉన్నా మార్చాలి. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలు కాలంతో ఖర్చయిపోతాయి కనుక, చరిత్ర తెలియని బండిలో పాతదంతా వంచి కొత్తది పోయించడమే మంచిది. మామూలు నీళ్ళతో నింపుకోవడం అత్యవసరానికే పనికొస్తుంది. రంగును చూసి రకాన్ని నిర్ణయించకండి. రంగులకు అన్ని కంపెనీలూ పాటించే నియమం ఏదీ లేదు, పొసగని రెండు రకాలు కలిస్తే సన్నని దారులు మూసుకుపోయే గడ్డలు కట్టవచ్చు. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. వంచిన కూలెంట్‌ను తెరిచిన గిన్నెలో వదిలితే పిల్లలు గాని కుక్కలూ పిల్లులూ గాని నాకే ప్రమాదం ఉంది.

దారిలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తిప్పి, వీలైనంత త్వరగా పక్కకు ఆపి ఇంజన్ ఆపేయాలి. ఇంకొంచెం దూరం పోదామన్న ఆశతో నడిపిన ఆ కాస్త దూరంలోనే హెడ్ వంగిపోతుంది. వేడెక్కిన ఇంజన్ మీద చన్నీళ్ళు గుమ్మరించకూడదు.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. తేమ చేరిన తరువాత దానికి కనీస ప్రమాణం 155 డిగ్రీలే. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. పొడవైన దిగుడు దారిలో బ్రేకులు వేడెక్కి, నీరు పట్టిన ఆ ద్రవం లోపల ఆవిరి బుడగలు కట్టిందంటే పెడల్ నేల వరకు పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానితో నిమిత్తం లేకుండా రెండేళ్ళకు ఒకసారి మార్చాలంటారు. చరిత్ర తెలియకపోతే మొదటి వారంలోనే మార్పించండి. బ్రేకు ప్యాడ్ల మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరపడితే ఇక వాయిదా వద్దు. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు పగిలి ఉన్నాయేమో కూడా చూపించుకోవాలి.

టైర్ల మీద గాడి లోతును అందరూ చూస్తారు, వయసును చూసేవారు తక్కువ. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి: 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఆ అంకెలు కొన్నిసార్లు లోపలి వైపు గోడ మీదే ఉంటాయి కాబట్టి టార్చి పట్టుకుని వంగి చూడక తప్పదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిన టైరు పనికిరానిదే. వాన నీటిలో పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. పదేళ్ళు నిండిన టైరు కొత్తదానిలా కనిపించినా తీసేయాలి. స్టెప్నీని మరిచిపోకండి, చాలా బండ్లలో అది మొదటి రోజు నుంచీ డిక్కీలోనే పడి ఉంటుంది.

గేర్ బాక్స్ ఆయిల్‌ను బండి జీవితాంతం మార్చనక్కరలేదని కొన్ని మాన్యువళ్ళలో ఉంటుంది. నేను దాన్ని అక్షరాలా నమ్మను. ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్‌ను లక్ష కిలోమీటర్ల లోపు ఒకసారి మార్చడం మంచిదని నా అభిప్రాయం. అయితే ఎన్నడూ మార్చని పాత గేర్ బాక్స్‌లో యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగడం కన్నా, ఉన్నదాన్ని వంచి అంతే కొలత కొత్తది పోయడం నిదానమైన దారి. అప్పటికే గేర్లు జారుతున్న బండికి ఆయిల్ మార్పుతో నయమవుతుందని ఆశపడకుండా ముందు పరీక్ష చేయించాలి.

ఎయిర్ ఫిల్టరు, క్యాబిన్ ఫిల్టరు, డీజిల్ బండికి ఫ్యూయల్ ఫిల్టరు, వైపర్లు తక్కువ ఖర్చు పనులు, చూడగానే మార్చేయవచ్చు. స్పార్క్ ప్లగ్గులు మామూలు రకమైతే సుమారు 30,000 నుంచి 40,000 కిలోమీటర్లకు, ఇరిడియం రకమైతే లక్ష ప్రాంతంలో గడువుకు వస్తాయి. కొన్ని గంటలు నిలిచిన బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు టకటకమని చప్పుడు వస్తే యాక్సిల్ జాయింట్ అరిగిందన్నమాట. దానికి ముందే చక్రం వెనుక ఆ జాయింట్‌ను కప్పే రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటుంది, ఆ దశలోనే పట్టుకుంటే బూటుతో సరిపోతుంది.

కొన్ని పనులు సొంతంగా చేసుకునేవారికి ఒక గట్టి మాట. జాక్ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి, ఒక్క నిమిషం కోసమైనా సరే, వెళ్ళకండి. గట్టి, చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టి, బండిని జాక్ స్టాండ్ల మీద దించి, చేతితో ఊపి కదలడం లేదని చూసుకున్న తరువాతే కిందికి వెళ్ళాలి. షాక్ అబ్జార్బర్ల స్ప్రింగులు విప్పడం, ఎయిర్ బ్యాగుల జోలికి పోవడం, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు తీగలను ముట్టుకోవడం ఇంట్లో చేసే పనులు కావు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ నట్లను ఎదురెదురు వరుసలో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత మళ్ళీ ఒకసారి సరిచూడాలి.

పనులన్నీ ఒకే రోజు చేయించకండి. ఆ తరువాత కొత్త చప్పుడు ఏదైనా వస్తే అది ఏ పని వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగు. ఆ వెంటనే బెల్ట్, కూలెంట్, ఇంజన్ ఆయిల్. మిగిలినవి నెల లోపు. అదే సమయంలో ఛాసిస్ నంబరు ఆధారంగా తయారీదారు దగ్గర ఆ బండి మీద రీకాల్ (లోపాన్ని సరిచేయడానికి తయారీదారు బండ్లను వెనక్కి పిలవడం) ఏదైనా మిగిలి ఉందేమో కనుక్కోవాలి.

ప్రతి పని తరువాత రాత్రి బండి కింద తెల్లటి అట్ట ముక్క పరిచి, ఉదయం తీసి చూడండి. ఇంజన్ భాగం కింద గోధుమ రంగు లేదా నల్లని చుక్క ఇంజన్ ఆయిల్‌ది. ఆకుపచ్చ గాని గులాబీ గాని జిడ్డు తక్కువగా ఉంటే కూలెంట్. ఎర్రగా జిడ్డుగా ఉంటే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్. చక్రం లోపలి వైపున పలుచని జారుడు తడి కనిపిస్తే బ్రేకు ద్రవం కావచ్చు కనుక బండిని కదపకుండా మెకానిక్‌నే పిలిపించాలి. ఏసీ వాడిన తరువాత పడిన రంగు లేని నీటి చుక్కలకు కంగారు పడనక్కరలేదు. అట్ట మీద మరక చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన తేదీ, మీటరు రీడింగు రాసి ఉంచితే, మరుసటి వారం పరిచిన అట్టతో పోల్చి ఆ కారడం పెరుగుతోందో అక్కడే ఆగిందో తేల్చుకోవచ్చు.