జెండా కర్రకు కట్టిన యుద్ధ స్ట్రీమర్లను చదివే పద్ధతి

అమెరికా వైమానిక దళానికి చెందిన జెండా కర్ర కొన దగ్గర గుత్తిగా వేలాడే పొడవాటి రంగు పట్టీలను స్ట్రీమర్లు అంటారు. వాటిలో యుద్ధ స్ట్రీమర్ ఒక్కొక్కటీ ఒక్కొక్క పోరాట ఘట్టానికి గుర్తు. ఆ పట్టీలను ఓపికగా చదవగలిగితే ఒక దళం ఏ ఆకాశంలో, ఏ నెలల మధ్య పోరాడిందో తెలుసుకోవచ్చు.

ముందుగా రంగులు చూడండి. ఆయా యుద్ధాలకు ఇచ్చిన సర్వీసు పతకం రిబ్బను రంగులే స్ట్రీమర్‌కు కూడా ఉంటాయి. లేత నీలం మీద నడుమా అంచుల్లోనూ తెల్ల చారలుంటే అది కొరియా యుద్ధానిది. పసుపు మీద మధ్యలో మూడు ఎర్ర చారలు, అంచుల్లో ఆకుపచ్చ ఉంటే వియత్నాంది. రెండవ ప్రపంచ యుద్ధానికి మాత్రం ప్రాంతాన్ని బట్టి రంగు మారుతుంది. యూరప్ వైపు ఆకుపచ్చ, గోధుమ రంగులు, ఆసియా-పసిఫిక్ వైపు ముదురు పసుపు వాడారు.

తర్వాత కుట్టిన అక్షరాలు చదవండి, ఎందుకంటే రంగు యుద్ధాన్ని మాత్రమే చెబుతుంది. కొరియా యుద్ధాన్ని పది ఘట్టాలుగా విభజించారు కనుక, ఒకే రంగులో పది స్ట్రీమర్ల దాకా ఉండవచ్చు. వాటిని వేరుచేసేది పేరొక్కటే.

మనకు దగ్గరి ఉదాహరణ ‘ఇండియా-బర్మా’ అని కుట్టిన పసుపు పట్టీ. ఆ ఘట్టం 1942 ఏప్రిల్ 2న మొదలై 1945 జనవరి 28న ముగిసింది. దాన్ని సంపాదించుకున్న దళాల్లో 51వ ఫైటర్ గ్రూప్ ఒకటి. అస్సాంలోని దింజాన్ నుంచి పీ-40 యుద్ధ విమానాలతో ఎగురుతూ, హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు చేరవేసే గగన మార్గానికి భారతదేశం వైపున్న కొసను అది కాపాడింది. పరాయి దేశపు సైనిక జెండా పక్కన మన దేశం పేరు కనిపిస్తే నాకు ప్రతిసారీ మనసు చలిస్తుంది.

ఇక్కడే తొందరపడకూడని విషయం ఒకటుంది. దక్షిణ కొరియాలోని ఓసాన్‌లో ఉన్న నేటి 51వ ఫైటర్ వింగ్ (వింగ్ అంటే గ్రూప్ కన్నా పెద్ద విభాగం) 1948లో ఏర్పడింది. ఆ జెండాకు అంతకు ముందరి స్ట్రీమర్లు కనిపిస్తే తప్పని అనుకోవద్దు. అదే అంకె గల గ్రూప్ సంపాదించిన గౌరవాలను వింగ్‌కు ధరించడానికి ఇచ్చే ఆనవాయితీ అమెరికా వైమానిక దళంలో ఉంది. అసలు వైమానిక దళమే 1947 సెప్టెంబర్ 18న స్వతంత్ర శాఖ అయినప్పటికీ, సైన్యంలో భాగంగా ఉన్ననాటి మొదటి ప్రపంచ యుద్ధపు స్ట్రీమర్లు కూడా దానికి ఉన్నాయి. కాబట్టి దళం పుట్టిన సంవత్సరం, ఘట్టం తేదీలు పక్కపక్కన రాసుకుని, స్వయంగా సంపాదించినదేదో, వారసత్వంగా వచ్చినదేదో విడదీయండి. సందేహం తీరకపోతే అలబామాలోని మాక్స్‌వెల్ స్థావరంలో ఉన్న వైమానిక దళ చరిత్ర పరిశోధన సంస్థ రికార్డులే ప్రమాణం.

జెండాను నేరుగా చూసే అవకాశం వచ్చినప్పుడు పట్టీలను ముట్టుకోకండి. ఒకదాని మీద ఒకటి పడి పేర్లు సగం దాగిపోతాయి కనుక, రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తీసుకుని, కనిపించిన అక్షరాలను రంగుతో కలిపి పోల్చుకోండి.