లంకల్లో వరద పనులు రోహిణి కార్తెలోనే మొదలుపెట్టండి

మే నెలాఖరుకి మా రేవు దగ్గర పాయ ఎండిపోయి, ఇసుక మీద వేసిన బాట మీంచి బైకులు, ఆటోలు తిరుగుతుంటాయి. మాది కోనసీమలో గోదావరి పాయ వశిష్ఠ పక్కన ఉన్న లంక, అంటే ఏటి మధ్య దీవి. ఆ రోజుల్లో వరద పనులు మొదలెడదాం అంటే, కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు "ఇంత ఎండలో వరదేంటత్తయ్యా" అంటారు. ఎండలోనే చెయ్యాలమ్మా. ఆ బాట తెగిపోయాక ప్రతి బస్తా, ప్రతి గడ్డిమోపూ పడవెక్కి రావాల్సిందే. 2022లో జూలై మధ్యకల్లా పెద్ద వరద వచ్చేసింది. శ్రావణం దాకా టైముంది అనుకోవడానికి లేదు.

ముందు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లో కురిసే వానకీ మన ఇంట్లోకొచ్చే గోదారికీ పెద్దగా సంబంధం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా కదిలితే ఆ వాన నీళ్లన్నీ ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పట్టుకుని గోదావరిలోకి దిగుతాయి. ఇక్కడ ఫెళఫెళలాడే ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది. ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకోకండి, భద్రాచలం దగ్గర గోదావరి మట్టం ఎంతుందో ఆ అంకె చూడండి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీళ్లు మనకు ఎగువనున్న ధవళేశ్వరం బ్యారేజీ చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ రోజు మన చేతిలో ఉన్నట్టే.

అయితే భద్రాచలం ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. శబరి వచ్చి కలిసేది కూనవరం దగ్గర, భద్రాచలానికి దిగువన. చింతూరు వైపు శబరి పొంగుతోందని వింటే, భద్రాచలంలో నిలకడగా ఉందని చెప్పినా సరే సామాను సర్దడం ఆపొద్దు. దానికి తోడు అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే సముద్రం పోటు మీద ఉంటుంది, దిగువ లంకల్లో నీళ్లు తొందరగా లాగవు. ఈ మట్టాలన్నీ కేంద్ర జల సంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో కనిపిస్తాయి. ఫోనులో వేయించుకోండి.

ధవళేశ్వరంలో 11.75 అడుగులకు, అంటే 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఎగరేస్తారు. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. టీవీలో చెప్పేది ఇదే. కానీ లంకవాళ్లకు ఈ అంకెలు చాలవు. చాకలిపాలెం నుంచి కనకాయలంక వెళ్లే కాజ్‌వే లాంటివి మొదటి హెచ్చరిక రాకముందే మునిగిపోతాయి. అందుకే ఎవరి ఇంటి లెక్క వాళ్లు రాసుకోవాలి. మా మామగారు మొదలుపెట్టిన నోటు పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉంది. ఎడమవైపు ధవళేశ్వరం మట్టం, కుడివైపు ఆ రోజు మన దగ్గర నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో: రేవులో ఎన్నో మెట్టు, రామాలయం వీధి, పశువుల పాక, వీధి అరుగు. ఇప్పుడు ధవళేశ్వరం అంకె వినగానే ఏ సామాను ముందు తియ్యాలో మాకు తెలిసిపోతుంది.

గోడ మీద గీత కూడా పెట్టుకోండి. మా వీధి గదిలో రెండున్నాయి. పైది 1986 ఆగస్టుది, భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చినప్పటిది. కిందది 2022 జూలైది, అప్పుడు 71.3. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు మేస్త్రి దగ్గరుండే లెవెల్ ట్యూబు తెప్పించుకోండి. దాంట్లో నీళ్లు పోసి, ఒక కొసలో నీళ్లు పక్కింటి గీతకు సరిగ్గా ఉండేలా పట్టుకుని, రెండో కొస మీ గోడకు ఆనిస్తే, అక్కడ నీళ్లు నిలబడ్డ చోటే మీ గీత. ఎంతోసేపు పట్టదు. అటక ఎంత ఎత్తులో కట్టాలి, స్విచ్ బోర్డు ఎక్కడ పెట్టాలి అనేది ఆ గీతే చెబుతుంది.

ఎండల్లో చేసే పనులు పొద్దున్న పదిలోపు ముగించండి. మజ్జిగో, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లో దగ్గర పెట్టుకోండి. సాయంత్రం గాలివాన లేచి ఉరిమితే కొబ్బరిచెట్ల కిందకు పోవద్దు, ఇంట్లోకి వచ్చెయ్యండి.

పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. ఎండుగడ్డి కొంత ఏటిగట్టు మీదకో, గట్టు అవతల చుట్టాల ఇంటికో చేర్చేయండి. తడిసి బూజు పట్టిన గడ్డి గేదెలకు పెట్టకూడదు. ఏట్లోకి ఎర్రనీరు దిగిందంటే చూలు గేదెల్నీ దూడల్నీ ముందు దాటించండి. ఒకవేళ దాటించలేకపోతే పలుపులు విప్పెయ్యండి. రాటకు కట్టేసి వదిలేసిన పశువుకు ఈదే దారి కూడా ఉండదు.

అరటి తోటలున్నవాళ్లు కోతకొచ్చిన గెలల్ని హెచ్చరిక దాకా ఉంచకండి. హెచ్చరిక రాగానే అందరూ కోస్తారు, రావులపాలెం యార్డులో రేటు పడిపోతుంది. చేలో మోటారు, స్టార్టరు విప్పి మెరకకు చేర్చండి.

నెలలు నిండుతున్న ఆడపిల్ల ఇంట్లో ఉంటే మాత్రం ఏ అంకె కోసమూ చూడొద్దు. జూలై వచ్చిందంటే గట్టు అవతలికి పంపెయ్యండి. రాత్రిపూట, వరదలో, నొప్పులు పడుతున్న పిల్లను పడవెక్కించడమంటే ఏంటో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా.

ఇంట్లో బియ్యం, పప్పు, చింతపండు మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పోసి అటకెక్కించండి. పాస్‌బుక్కు, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు రెండు పొరల కవర్లో. గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసి, క్యాప్ బిగించి, స్తంభానికి తాడేసి కట్టండి. నిండు బండ కూడా నీళ్లలో తేలుతుంది, కట్టకపోతే కొట్టుకుపోతుంది. ఇల్లు దాటేముందు మెయిన్ ఆపెయ్యండి.

పాములు కూడా మెరక వెతుక్కుంటూ అటక మీదకే వస్తాయి. టార్చి వెయ్యకుండా చెయ్యి పెట్టొద్దు. కాటు పడితే కొయ్యడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం ఏమీ వద్దు. కాలో చెయ్యో కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. ఆ ఆసుపత్రి ఏదో మే నెలలోనే కనుక్కుని పెట్టుకోండి.

నీళ్లు తీస్తున్నప్పుడు ఒక కిటుకు. పూర్తిగా పోయాక కడుగుదాం అనుకోకండి. మా అత్తగారు గదిలో మడమ లోతు నీళ్లు ఉండగానే కొబ్బరి చీపురు పట్టుకుని, లోపలి గది నుంచి మొదలెట్టి ఒండ్రును కదుపుతూ గుమ్మం దాటించేసేవారు. ఎండనిస్తే ఆ మట్టి పలుగు పెట్టి తవ్వాల్సిందే. బావికి నీళ్లు తోడించి బ్లీచింగ్ కొట్టేదాకా కాచిన నీళ్లే తాగండి.

కడిగేముందు మాత్రం గోడ మీద నీళ్ల మరకనీ, పడిపోయిన తోటనీ ఫోటోలు తీసి ఉంచండి. పంట ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం వాళ్ల పంట నమోదులో, ఎక్కి ఉండాలి, నష్టం 33 శాతం దాటితేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది. కౌలుకు చేసేవాళ్లు కౌలు కార్డు వరదకు ముందే తీసుకోండి. అంచనాకి వచ్చిన ఉద్యోగి జాబితాలో మీ పేరు, సర్వే నంబరు సరిగ్గా పడ్డాయో లేదో దగ్గరుండి చూసుకోండి.