పిల్లలకు స్పేసర్‌తో ఇన్హేలర్ ఇవ్వడం ఎలా?

మందు వాడుతున్నా పిల్లల ఆస్తమా అదుపులోకి రావడం లేదా? మోతాదు పెంచే ముందు ఆ మందు ఊపిరితిత్తుల దాకా చేరుతోందో లేదో చూడాలి. ఇన్హేలర్‌ను నేరుగా నోట్లో కొడితే చాలా భాగం గొంతుకే అంటుకుపోతుంది. స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ఉంటే తుంపర వేగం తగ్గి, మామూలుగా పీల్చే గాలితోనే మందు లోపలికి వెళ్తుంది.

సుమారు నాలుగేళ్ల లోపు పిల్లలకు మాస్కున్న స్పేసర్ కావాలి. పెదాలు బిగించి నోటితో పీల్చడం వచ్చాక మాస్కు తీసేయండి. ముక్కుతో పీలిస్తే కొంత మందు ముక్కులోనే ఆగిపోతుంది.

1. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. ఇన్హేలర్ మూత తీసి బాగా కుదపండి. కొత్తదైనా, కొన్నాళ్లుగా వాడకపోయినా ముందు గాల్లోకి కొన్ని పఫ్‌లు వదలాలి. ఎన్ని అన్నది దాంతో వచ్చిన కాగితంలో ఉంటుంది.

2. మాస్కును ముక్కు, నోరు రెండూ మూసుకునేలా ఆనించండి. చిన్న సందున్నా మందు పక్కలకు పోతుంది.

3. ఒకే ఒక్క పఫ్ నొక్కి, ఐదారు ఊపిరులు తీసుకునేదాకా మాస్కు కదపకండి. స్పేసర్ వాల్వు కదలికను చూస్తూ లెక్కపెట్టుకోవచ్చు.

4. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి ఇవ్వండి. రెండూ కలిపి కొడితే తుంపర స్పేసర్ గోడలకే అంటుకుంటుంది.

5. స్టెరాయిడ్ ఇన్హేలర్ (బ్యుడెసొనైడ్ లాంటిది) అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి, మాస్కు తగిలిన చోట ముఖం తుడవాలి. లేదంటే నోట్లో తెల్లపూత రావచ్చు.

ఏడిస్తే గట్టిగా పీలుస్తారు కదా అని చాలామంది ఏడుస్తుండగానే ఇచ్చేస్తారు. నిజానికి అప్పుడు ఊపిరితిత్తులకు చేరేది చాలా తక్కువ. ఊరుకోబెట్టి ఇవ్వండి. మామూలు వేళల్లో మాస్కుతో ఆడుకోనిస్తే భయం పోతుంది.

ప్లాస్టిక్ స్పేసర్‌ను కొన్నప్పుడు ఒకసారి, తర్వాత నెలకోసారైనా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి, మందును లోపలి గోడలే లాగేసుకుంటాయి. ఇన్హేలర్ మీద మిగిలిన పఫ్‌లు చూపే అంకె సున్నాకు చేరితే మార్చేయండి. ఆ తర్వాత కూడా తుంపర వస్తుంది కానీ అందులో సరిపడా మందు ఉండదు.

సాల్బుటమాల్ అప్పటికప్పుడు ఆయాసం తగ్గించేది. బ్యుడెసొనైడ్ లాంటివి ఊపిరి గొట్టాల వాపు తగ్గించేవి, వాటిని దగ్గు లేని రోజుల్లోనూ ఆపకూడదు. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే.

డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, సాల్బుటమాల్ ఇచ్చిన నాలుగు గంటల్లోపే మళ్లీ కావాల్సి వచ్చినా, డాక్టరు రాసిచ్చినట్టు అది ఇస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వారంలో రెండుసార్లకు మించి సాల్బుటమాల్ అవసరమవుతున్నా, రాత్రిళ్లు దగ్గుతో లేస్తున్నా పిల్లల ఊపిరితిత్తుల నిపుణులకు చూపించాలి. వెళ్లేటప్పుడు ఇన్హేలర్, స్పేసర్ రెండూ పట్టుకెళ్లి, ఇంట్లో ఎలా ఇస్తున్నారో వాళ్ల ముందే ఇచ్చి చూపించండి.