కోడ్ కాదు, ముందు టెస్టులు రాయించండి

అమీర్‌పేటలో నిన్ననే కోర్సు ముగించినవారైనా, మాదాపూర్‌లో పదేళ్లుగా కోడ్ రాస్తున్నవారైనా ఏఐని మొదట వాడాల్సింది కొత్త ఫీచర్లకు కాదు. ముట్టుకుంటే ఏం విరుగుతుందోనని అందరూ పక్కన పెట్టేసిన పాత ఫంక్షన్లకు టెస్టులు (కోడ్ సరిగ్గా నడుస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు) రాయించడానికి.

ఏఐకి ఒకసారికి ఒక్క ఫంక్షనే ఇవ్వండి, 50 లైన్లు దాటకుండా. "కోడ్ మార్చకు, ఇది ఇప్పుడు ఎలా నడుస్తోందో అలాగే పరీక్షించే టెస్టులు రాయి" అనండి. అవి పాసయ్యాక ఆ ఫంక్షన్‌లో ఒక షరతును కావాలనే తిరగేసి చూడండి. గ్రేటర్ దాన్‌ను లెస్ దాన్ చేస్తే చాలు. అప్పుడూ పాసయితే ఆ టెస్టులు దండగ, మళ్లీ రాయించండి.

మన దగ్గర దెబ్బతినే కేసులు చాలాసార్లు ఏఐకి తోచవు, మీరే చెప్పాలి. సర్వర్ టైమ్ యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) అయితే మన అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 దాకా తేదీ నిన్నటిదే పడుతుంది. 'హైదరాబాద్' కంటికి 5 అక్షరాలే, జావాస్క్రిప్ట్ లెంగ్త్ అడిగితే 9, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు. ఆ లెంగ్త్‌ను 8 దగ్గర కోస్తే పొల్లు ఊడి 'హైదరాబాద' మిగులుతుంది! డబ్బును ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే రకంలో) పెడితే 0.1 + 0.2 కలిపినా సరిగ్గా 0.3 రాదు, పైసల్లో పూర్ణాంకంగా ఉంచమనండి.

ఏఐ సూచించిన లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) నిజంగా ఉందో లేదో జావాస్క్రిప్ట్‌కైతే ఎన్‌పీఎంలోనో, పైథాన్‌కైతే పైపీఐలోనో చూశాకే ఇన్‌స్టాల్ చేయండి. లేని పేర్లు కూడా ధీమాగా చెబుతుంది. ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సేవలను వాడుకునే రహస్య కోడ్‌లు), క్లయింట్ డేటా మాత్రం అందులో పేస్ట్ చేయొద్దు.