నైట్ డ్యూటీ చేసే చెల్లెళ్లకు: డైటింగ్ తర్వాత, ముందు పడక సంగతి చూడండి

విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మా దగ్గర మార్నింగ్ 8 నుంచి 2, ఈవినింగ్ 2 నుంచి 8, నైట్ మాత్రం రాత్రి 8 నుంచి పొద్దున 8. కొత్తగా చేరిన పిల్లలు కొన్నాళ్లకే యూనిఫాం బిగుతైందంటూ వస్తారు. "అక్కా, రాత్రంతా పరుగులే కదా, ఒళ్లెలా వచ్చింది?" అంటారు. రేపట్నుంచి అన్నం మానేస్తామంటారు. పగలు ఎన్ని గంటలు పడుకుంటున్నావో అది చెప్పు ముందు, అంటాను నేను. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి మీదకి, నూనె వంటల మీదకి పోతుంది మనసు. నాలుగు గంటల నిద్రతో డ్యూటీకొచ్చిన మనిషి ముందు అర్ధరాత్రి మిర్చి బజ్జీల పొట్లం విప్పితే ఏ డైట్ చార్టూ ఆపలేదు.

అందుకని నిద్రతోనే మొదలుపెడతాను. హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవాళ్లకి పేషెంట్ల అప్పగింత) అయి బయటపడేసరికి ఎనిమిదిన్నర. గేటు దాటకముందే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. పొద్దుటెండ కళ్లలో పడితే ఒళ్లు పగటిలోకి మేలుకుంటుంది, ఇంటికెళ్లాక నిద్ర పట్టదు. రెప్పలు వాలిపోతుంటే మాత్రం స్కూటీ తియ్యనే వద్దు. డ్యూటీ రూములో అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు నడుం వాల్చండి. లేచి మొహం కడుక్కుని, మత్తు పూర్తిగా వదిలాక బయల్దేరండి. లేదంటే సిటీ బస్సెక్కండి. బెంజ్ సర్కిల్ దాటేటప్పుడు ఒక్క క్షణం కునుకు చాలు, మనం డ్యూటీ దిగిన ఐసీయూకే పేషెంటుగా రావడానికి.

నా వేళలు ఇవి. తొమ్మిదిన్నరకి పడక, రెండున్నరకి మెలకువ. మళ్లీ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా ఇంకో విడత. రెండూ కలిపి ఆరున్నర గంటలు. ఏడు గంటలు ఒకే విడతలో పట్టేవాళ్లు ఉంటే అదృష్టవంతులే, పట్టనివాళ్లు ఇలా రెండుగా పంచుకోండి. సాయంత్రం నిద్రని చిన్నచూపు చూడొద్దు, తెల్లవారుజామున నాలుగింటికి మందు డోసు లెక్క తప్పకుండా కాపాడేది అదే.

మే నెలలో బెజవాడలో పగటి నిద్రంటే మాటలు కాదు. రోహిణి కార్తెలో మేడ మీది గది పెనంలా కాలుతుంది. కింది గదో నడిమి గదో చూసుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. కూలరుంటే దాని వెనక కిటికీ తెరిచే ఉంచాలి, లేకపోతే ఉక్కపోతే మిగులుతుంది. కూలరు మోత విసుక్కోకండి, వీధిలో ఉల్లిపాయల బండి మైకుని మింగేసేది అదే. కాలింగ్ బెల్ స్విచ్ కట్టెయ్యండి. గ్యాస్ బండ, కొరియర్ పక్కింటివాళ్లకి అప్పజెప్పండి. ఫోన్ సైలెంటులో పెట్టి, పిల్లల స్కూలు నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు మాత్రమే మోగేలా చెయ్యండి.

అన్నిటికంటే కష్టం ఇంట్లోవాళ్లతో. పట్టపగలు పడుకున్న కోడల్ని చూస్తే మన వైపు పెద్దవాళ్లకి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా అత్తగారితో వాదించడం మానేసి, నెల రోస్టర్ (డ్యూటీల పట్టిక) ఫ్రిజ్ మీద అంటించి, నా నిద్ర వేళలు ఎర్ర ఇంకుతో రాశాను. ఇప్పుడు వచ్చిన చుట్టాలకి ఆవిడే, "కోడలు రాత్రి డ్యూటీ చేసొచ్చిందమ్మా, మెల్లిగా మాట్లాడండి" అని చెబుతుంది.

నిద్రమాత్రల సంగతి ఒక్కటి. మన చేతికందే దూరంలోనే ఉంటాయి కాబట్టి చెబుతున్నాను, డాక్టరు రాయకుండా ఆల్‌ప్రజొలామ్ వేసుకోవద్దు. అలవాటైతే మానడం ఎంత కష్టమో మన వార్డులోనే చూస్తున్నాం కదా.

ఇక తిండి. అదే అన్నం, అంతే అన్నం రాత్రి రెండింటికి తింటే పగటికంటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. ఆ వేళ ఒళ్లు తిండికి సిద్ధంగా ఉండదు. అందుకే అసలు భోజనం ఏడింటికి ఇంట్లో ముగించాలి: అన్నం తక్కువ, పప్పో గుడ్డో చేపో ఎక్కువ, కూర దండిగా. ఒంటిగంటకి డబ్బాలోంచి శనగ గుగ్గిళ్లో, ఉడికించిన గుడ్డో, ఓ జామకాయో, మజ్జిగో. అక్కడితో సరి. పొద్దున పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలు. ఖాళీ కడుపుతో పడుకుంటే పదకొండింటికే ఆకలికి మెలకువొస్తుంది. పూరీలు మాత్రం సెలవు రోజుకి ఉంచుకోండి.

మన ఉద్యోగంలో అసలు శత్రువు స్వీటు డబ్బా. పేషెంటు డిశ్చార్జి అయితే లడ్డూలు, మనవడు పుడితే పూతరేకులు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారు. తీసుకోండి, ఒకటి తినండి, డబ్బా నర్సింగ్ స్టేషన్ బల్ల మీద మాత్రం పెట్టకండి. పాంట్రీ అలమరలో పెడితే సగం మంది మరిచిపోతారు.

చివరి టీ రెండింటికి. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే ఒంట్లో దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తాగిన టీ తొమ్మిదిన్నరకి పడకలో మీతోనే ఉంటుంది. ఆ వేళకి చల్లటి నీళ్లు తాగి, లైట్లు బాగా వెలిగే చోట నిలబడి చార్టులు రాసుకోండి.

వ్యాయామం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వార్డులో తిరుగుడు నడకే, కాదనను. కానీ పది అడుగులేసి ఆగేదానికి గుండె వేగం పెరగదు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా కదలమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నైట్స్ ఉన్న వారం మధ్యాహ్నం నాలుగింటికి ఇంట్లోనే ఇరవై నిమిషాలు: కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి దండీలు, నీళ్ల సీసాలు ఎత్తడం. మిగతా లెక్క ఆఫ్ రోజుల్లో కాలవ గట్టు మీద నడిచి పూర్తి చేస్తాను. డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కి వెళ్లడం నాకు నచ్చదు, అది నిద్రలోంచి కోసిన గంట.

బరువు వారానికొకసారి, ఆఫ్ రోజు నిద్ర లేవగానే చూసుకోండి. దానికంటే నడుం టేపు నిజం చెబుతుంది: మన దేశంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదంటారు. షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్, మాత్రల వేళలు సొంతంగా జరుపుకోకండి. రోస్టర్ తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

ఆఖరి నైట్ దిగిన రోజు సాయంత్రం దాకా పడుకుంటే ఆ రాత్రి కళ్లు తెరుచుకునే ఉంటాయి. పన్నెండున్నరకే అలారం పెట్టి లేవండి, కాసేపు ఎండలో తిరగండి, రాత్రి పదింటికి అందరితోపాటే పడుకోండి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ రోస్టర్ రాయకముందే అడగాల్సింది కూడా ఒకటుంది: మార్నింగ్ తర్వాత ఈవినింగ్, ఈవినింగ్ తర్వాత నైట్, ఆ వరసలో వెయ్యమనండి. అలవాటైన వేళకంటే త్వరగా పడుకోవడం కంటే ఆలస్యంగా పడుకోవడం ఒంటికి తేలిక. ఈవినింగ్ దిగిన మర్నాడే మార్నింగ్ వేస్తే మాత్రం మర్యాదగానే, గట్టిగా వద్దనండి.