షీటు మీదికి ఎక్కని తీగ

చదువుకునే రోజుల్లో తాడ్వాయి అడవిలో మూడాకుల కొమ్మ ఒకటి తుంచుకొని హన్మకొండకు తెచ్చాను. ఆరబెట్టి హెర్బేరియం షీటుకు, అంటే ఎండిన మొక్కల నమూనాలు దాచే మందపాటి కాగితానికి, కుట్టాక అది మోదుగో తీగమోదుగో తేల్చలేకపోయాను. రెండింటికీ మూడాకులే, రెండింటికీ కాషాయపు పూలే. ఒకటి చెట్టు, ఇంకొకటి పెద్ద మానుల మీదికి పాకే తీగ. ఆ ఒక్క ముక్క నేను నోటుపుస్తకంలో రాసుకోలేదు. ఆ షీటు ఎందుకూ కొరగాకుండా పోయింది.

అందుకే తీగ దగ్గర కత్తెర కంటే ముందు పెన్ను తీయండి. మొదలు ఎంత లావుంది, ఏ చెట్టు ఎక్కింది, ఎట్లా ఎక్కింది? నులితీగలతోనా, ముళ్లతోనా, తానే చుట్టుకొనా? చుట్టుకుంటే కుడికా ఎడమకా అన్నదీ రాయండి. అడవి దుంపతీగల్లో ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరు చేయడానికి ఆ చుట్టు చాలా పనికొస్తుంది. మొదలుకు చిన్న గాటు పెట్టి రసం రంగు చూసి రాయండి. ఎండిన ముక్కలో అది కనబడదు.

అనుమతి సంగతి ముందే చూసుకోవాలి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఆకు కూడా తెంపొద్దు.

చాలా తీగలకు పువ్వు పైన, ఎండ తగిలే చోట పూస్తుంది. పొడుగు దోటి వెంట ఉండాలి. కింద నీడలోని ఆకూ పైన పూసే కొమ్మ ఆకూ చాలా తీగల్లో ఒక్క తీరుగా ఉండవు కాబట్టి రెండూ తీయండి. మొదలు నుంచి అడ్డంగా కోసిన చిన్న బిళ్ల కూడా తెచ్చుకోండి. అన్నింటికీ ఒకటే నంబరు కట్టండి, లేకపోతే ఇంటికొచ్చాక ఏది దేనిదో తెలియదు.

షీటు సుమారు 28×42 సెంటీమీటర్లు. విస్తర్లు కుట్టే అడ్డాకు అందులో పట్టక మొండికేస్తుంది. అంచులు కత్తిరించకండి, ఈనె వెంట మడవండి. తొడిమ ఉండాలి, ఒక ఆకు అడుగు వైపైనా పైకి కనబడాలి. నమూనాను మధ్యలో పెట్టి నొక్కి ఆరబెట్టే కాగితాలను మొదటి నాలుగు రోజులు రోజూ మార్చండి. వానాకాలమైతే పొద్దున, సాయంత్రం రెండు పూటలా మార్చాలి, లేకుంటే బూజు పడుతుంది.

స్థానిక పేరు అడిగి రాయండి. కోయ పెద్దమనిషి ఏ పేరు చెబితే ఆ పేరే, విన్నది విన్నట్టే. పుస్తకంలోని పేరు చూసి దాన్ని దిద్దకండి.