రకం చెడకుండా గుమ్మడి విత్తనం కట్టడం ఎలా?

దాచుకున్న గింజలు నాటితే తల్లికాయతో పోలికే లేని కాయలు కాయడం గుమ్మడి పెంచేవారిలో చాలామందికి ఎదురయ్యే అనుభవం. నేల మారిందనో, విత్తనం పాతదైందనో అనుకుంటారు గానీ, ఆ తేడా కిందటి పంటలోనే, పువ్వు విచ్చుకున్న కొద్ది గంటల్లో ఏర్పడిపోయి ఉంటుంది. తేనెటీగ మరో రకం గుమ్మడి పుప్పొడిని తెచ్చి ఆ పువ్వులో రాల్చింది. ఆ సంగతి అప్పటి కాయలో ఏమాత్రం కనబడదు. ఎందుకంటే కాయ తొక్క, కండ, గింజ పైపెంకు మూడూ తల్లి మొక్క కణజాలమే. తండ్రి వాటా గింజ లోపలి పిండంలో దాగి ఉండి, ఆ గింజ మొలిచి కాపుకు వచ్చినప్పుడు బయటపడుతుంది. కాబట్టి మంచి కాయను ఎంచుకున్నంత మాత్రాన మంచి విత్తనం దొరికినట్టు కాదు. జాగ్రత్త పువ్వు దగ్గరే పడాలి.

ముందుగా ఒక మాట. సంకర విత్తనంతో పెరిగిన తీగ మీద ఈ శ్రమ పెట్టవద్దు. తర్వాతి తరంలో దాని లక్షణాలు ఎలాగూ విడిపోతాయి.

గుమ్మడిలో మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా ఒకే తీగకు పూస్తాయి. సాధారణంగా మగపువ్వులు ముందు వస్తాయి కనుక మొదట్లో పూత రాలిపోతోందని కంగారు పడనవసరం లేదు. మగపువ్వు సన్నని పొడవాటి తొడిమ మీద నిలబడుతుంది. ఆడపువ్వు రేకుల కింద చిన్న పిందె ఉంటుంది; అదే అండాశయం, దాని లోపల, తర్వాత గింజలుగా మారే అండాలు వందల కొద్దీ వరుసలు తీరి ఉంటాయి. సైకస్, పైన్ వంటి వివృతబీజాలలో, అంటే కాయ లేకుండానే గింజ కట్టే మొక్కల్లో, అండాలకు ఈ గది ఉండదు, అవి బయటికే తెరుచుకుని ఉంటాయి.

పని సాయంత్రం మొదలవుతుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల కొసలు ఆకుపచ్చ వదిలి పసుపు తిరుగుతాయి. అలాంటి ఆడమొగ్గ ఒకటి, అదే రకానికి చెందిన మగమొగ్గలు రెండు మూడు చూసుకుని, వీలైతే మగవాటిని వేరే తీగ నుంచి ఎంచుకుని, కొసలను మెత్తని దారంతో విడివిడిగా కట్టాలి. రేకులు చిరిగితే పురుగులకు దారి దొరుకుతుంది కాబట్టి ముడి బిగించి వేయకూడదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాలి, ఎండ ముదిరేకొద్దీ పువ్వులు ముడుచుకుపోతాయి. మగపువ్వును తొడిమతో సహా కోసి, రేకులన్నీ తీసేస్తే పుప్పొడి అంటుకున్న కేసరాల కాడ మిగులుతుంది. వేలితో తాకి చూడండి, పసుపు పొడి జిగటగా అంటుకుంటుంది. అది గాలికి ఎగిరిపోయే రకం కాదు, కీటకాల ఒంటికి పట్టుకుని ప్రయాణించేది. ఇప్పుడు ఆడపువ్వు కట్టు విప్పాలి. విప్పగానే రేకులు వాటంతటవి విచ్చుకుంటే అది సిద్ధంగా ఉన్నట్టు. లోపల పురుగు కనిపిస్తే మాత్రం ఆ పువ్వును మొహమాటం లేకుండా వదిలేయాలి. మధ్యలో మూడు భాగాలుగా ఉబ్బి ఉన్న కీలాగ్రం మీద, ఏ భాగమూ వదలకుండా, పుప్పొడిని మృదువుగా రుద్దాలి. ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు కావాలి గనుక ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పుప్పొడి చాలకపోతే పిందె రాలిపోతుంది, లేదా కాయ ఒక పక్క లోటుగా పెరుగుతుంది. ఈ పని జరుగుతున్న కొద్ది క్షణాల్లో కూడా తేనెటీగ వాలకుండా కనిపెట్టుకుని ఉండి, రుద్దడం కాగానే రేకులను మళ్లీ కట్టేసి, తొడిమకు రంగుదారం గుర్తుగా వదులుగా చుట్టాలి. పువ్వు వాడి రాలిపోయాక ఆ దారమే మీకు సాక్ష్యం.

అక్కడి నుంచి జరిగేది కంటికి కనబడదు గానీ, తెలిస్తే ఈ పనిపై శ్రద్ధ పెరుగుతుంది. కీలాగ్రంపై పడిన రేణువు మొలిచి, పరాగనాళం అనే సన్నని గొట్టాన్ని కీలాగ్రం కింది కాడ అయిన కీలం గుండా కిందికి పంపుతుంది. ఆ నాళం అండానికి ఉన్న చిన్న రంధ్రం, అండద్వారం గుండా అండం లోపలి పిండకోశంలోకి చేరి రెండు పురుష బీజకణాలను విడుదల చేస్తుంది. ఒకటి స్త్రీ బీజకణంతో కలిసి పిండానికి మూలమవుతుంది. రెండోది పిండకోశం మధ్యలో ఉండే రెండు ధ్రువ కేంద్రకాలతో కలిసి, పిండాన్ని పోషించే అంకురచ్ఛదానికి మూలమవుతుంది. 1898లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త నవాషిన్ లిల్లీ జాతి మొక్కల్లో గమనించిన ఈ ద్విఫలదీకరణ పుష్పించే మొక్కల ప్రత్యేకత. పుప్పొడి లేనిదే గింజ లేదని అంతకు రెండు శతాబ్దాల ముందే, 1694లో, జర్మన్ వృక్షశాస్త్రవేత్త కమెరేరియస్ రాశాడు. ఆయన ఆముదం మొక్క మగపువ్వులను ముందే తుంచేసి, గింజలు కట్టకపోవడం చూశాడు.

కొద్ది రోజుల్లో పిందె ఊరితే పని ఫలించినట్టు, పసుపుబారి మెత్తబడితే మరో పువ్వుతో మళ్లీ ప్రయత్నించాలి. తీగ మీద తొలి కాయలు ఎక్కువగా ఉంటే కొత్త పిందె నిలబడదు, వాటిని కొన్ని కోసేయడం మంచిది.

కాయ తీగ మీదే పూర్తిగా ముదరాలి. తొక్క గోటికి లొంగనంత గట్టిపడి, తొడిమ ఎండాక కోసి, మరి కొన్ని వారాలు నీడలో అలాగే ఉంచితే లోపలి గింజలు ఇంకా నిండుతాయి. తర్వాత గింజలను గుజ్జు లేకుండా కడిగి, గాలి ఆడే నీడలో పలచగా పరిచి ఆరబెట్టాలి. వంచితే వంగకుండా పుటుక్కున విరిగినప్పుడే తడి పోయినట్టు. పలచగా, తేలికగా ఉన్న తాలు గింజలను ఏరి పారేయండి, వాటిలో పిండం ఎదగలేదు.

నిల్వ చేసేముందు ఒక గింజను ఒలిచి చూడండి. తెల్లని రెండు బీజదళాలు అరచేతులు జోడించినట్టు అతుక్కుని ఉంటాయి, మొనదేలిన కొసన చిన్న మొలక వేరు కనిపిస్తుంది. అంకురచ్ఛదం దాదాపు మిగలదు, పిండం దాన్ని తినేసి ఆ బలాన్ని బీజదళాల్లో నింపుకుంది. మిగిలిన గింజలను తడి చొరని సీసాలో వేసి, రకం పేరు, రంగుదారం కట్టిన తేదీ రాసి, చల్లని చోట పెట్టండి.